గంప బిళ్ళ

మా క్లినిక్‌లో నా పని తల పట్టుకోవడం. నాది కాదు, పేషెంటుది. ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, గొంతులో తిమ్మిరి మందు కొట్టి, పళ్ళ మధ్య ప్లాస్టిక్ రింగు పెట్టి, డాక్టరుగారు గొట్టం లోపలికి దించుతున్నంతసేపూ ఆ తల కదలకుండా చూడాలి. "మింగండి, అంతే, అయిపోయింది, ముక్కుతో గాలి పీల్చండి" అని చెవి దగ్గర అంటూ ఉండాలి. అప్పటికి ఏమీ అయిపోయేది కాదు. అయినా పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా వచ్చినవాళ్ళందరికీ ఆ అబద్ధం చెబుతూనే ఉండేదాన్ని.

నేను ఇంటర్ తప్పాను. మళ్ళీ కట్టే ఓపిక నాకు లేదు, కట్టించే ఓపిక మా అత్తకి లేదు. ఏడాదిపాటు నర్సు పనికి సంబంధించిన కోర్సేదో చేసి, తొంభైల చివర్లో రాజమండ్రిలో ఒక పొట్ట డాక్టరుగారి దగ్గర చేరాను. అత్తంటే నా మొగుడి తల్లి కాదు, మా నాన్న అక్క. నా చిన్నప్పుడే అమ్మ పోయింది. నాన్న ఇంకో పెళ్ళి చేసుకుని కాకినాడ వైపు పడవల మీదకి వెళ్ళిపోయాడు. నన్ను పెంచింది అత్తే. మాది కోటిపల్లి వైపు గోదారి ఒడ్డున ఒక పల్లె. అత్త తెల్లారేసరికి రేవులో పడవల దగ్గర చేపలు కొని, గంప నెత్తికెత్తుకుని, చుట్టుపక్కల నాలుగూళ్ళు తిరిగి అమ్మేది. పిల్లల్లేరు. మొగుడు ఎప్పుడో పోయాడు. ఆ గంపా నేనూ, అంతే ఆవిడ సంసారం.

క్లినిక్‌కి కోరుకొండ నుంచి వచ్చేవారు, పోలవరం నుంచి వచ్చేవారు, పెనుగొండ నుంచి వంతెన దాటి మరీ వచ్చేవారు. అందరిదీ ఒకటే జబ్బు, గ్యాస్. గుండెల్లో మంటైనా గ్యాసే, నడుం పట్టేసినా గ్యాసే, కోడలు ఎదురు మాట్లాడినా గ్యాసే. పరగడుపున రమ్మని ముందురోజే చెప్పి పంపేదాన్ని. పొద్దున్నే అడిగితే, మంచినీళ్ళు కూడా ముట్టలేదండీ అని ఒట్టేసేవారు. గొట్టం దిగాక తెర మీద చూస్తే కడుపు నిండా కాఫీ. డాక్టరుగారు గొట్టం పైకి లాగేసి ఇదేంటని అడిగితే, కాఫీ తిండెలా అవుతుందండీ అని ఎదురు ఆయన్నే అడిగేవారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. వాళ్ళ లెక్కలో కాఫీ తిండి కాదు, అంతే. ఈ సంగతి నాకు అందరికంటే బాగా తెలుసని అనుకునేదాన్ని.

గొట్టంలోంచి చిన్న పట్టకారు పంపి, పొట్ట లోపలి గోడ నుంచి నూకగింజంత ముక్క తుంచేవారు డాక్టరుగారు. ఆ ముక్కని నేను సూదిమొనతో తీసి ఒక చిన్న సీసాలో వేయాలి. సీసాలో పసుపుపచ్చ నీళ్ళుంటాయి. ముక్కలో బాక్టీరియా ఉంటే ఆ నీళ్ళు గులాబీ రంగుకి తిరుగుతాయి. లేకపోతే పసుపుగానే ఉండిపోతాయి. కొన్ని ఐదు నిమిషాల్లో తిరుగుతాయి, కొన్నిటికి గంట పడుతుంది. గంటయ్యాక రంగు చూసి, రిజిస్టర్‌లో పేరు పక్కన పాజిటివ్ అనో నెగటివ్ అనో రాసి, అదే మాట చీటీ మీద ఎక్కించి డాక్టరుగారికి ఇవ్వాలి. పసుపుగా ఉన్న సీసాని మాత్రం మర్నాటిదాకా ఉంచి ఇంకోసారి చూడాలి. ఇంతే పని. రంగులు తెలిసిన ఎవరైనా చేయొచ్చు.

చేరిన కొత్తలో ఆ రంగు తిరగడం భలే ఉండేది. ముక్క పడీపడగానే దాని చుట్టూ పల్చగా గులాబీ పొగలాగా లేచి, మెల్లగా సీసా అంతా పాకేది. పని మానేసి చూస్తూ నిలబడేదాన్ని. నెల తిరిగేసరికి ఆ సరదా తీరిపోయింది, ఎందుకంటే అన్నీ తిరుగుతాయి. రైతుదీ తిరుగుతుంది, బడిపంతులుదీ తిరుగుతుంది, వంటి నిండా బంగారంతో వచ్చినావిడదీ తిరుగుతుంది. చిన్నప్పుడు నీళ్ళలోంచో, ఒకే కంచంలో తినడం వల్లో ఎక్కుతుందనీ, ఎక్కాక దానంతటది పోదనీ, చాలామందికి ఏ బాధా పెట్టకుండా లోపలే ఉంటుందనీ డాక్టరుగారు చెప్పేవారు. మీ కడుపులో బాక్టీరియా ఉందంటే జనానికి అర్థమయ్యేది కాదు. పురుగుంది అంటే అర్థమయ్యేది. పురుగనగానే పక్కనున్న మొగుడో పెళ్ళామో ఒకడుగు వెనక్కి జరిగేవారు. అయ్యా, మీ కడుపులోనూ ఉండే ఉంటుంది అని చెప్పాలనిపించేది.

ఒకసారి నేనూ మింగాను గొట్టం. డాక్టరుగారే అన్నారు, మింగితే తప్ప పేషెంటుకి ఎలా చెప్పాలో నీకు తెలియదమ్మా అని. కళ్ళలో నీళ్ళు కారిపోయాయి. నా సీసా మూడు నిమిషాల్లో తిరిగింది. ఆయన నవ్వి, గోదారి నీళ్ళు తాగి పెరిగినదానివి కదా, తిరక్కపోతే ఆశ్చర్యపోవాలి అన్నారు.

పసుపుగా ఉండిపోయే సీసా వారానికి ఒకటో, పది రోజులకి ఒకటో వచ్చేది. అలా వచ్చిన రోజున డాక్టరుగారు వేరే మనిషైపోయేవారు. పుండుంది, పురుగు లేదు, అలాంటప్పుడు ఆ పుండు ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలేదాకా పేషెంటుని కుర్చీలోంచి లేవనిచ్చేవారు కాదు. ఒకసారి కోరుకొండ వైపు రైతొకాయన వచ్చాడు. నొప్పి బిళ్ళలేమైనా మింగుతున్నారా అని మొదట అడిగితే లేదండి అన్నాడు. సీసా తిరగలేదు. డాక్టరుగారు మళ్ళీ పిలిపించి, సంచీ బల్ల మీద బోర్లించమన్నారు. కళ్ళజోడు, బస్సు టిక్కెట్లు, గుళ్ళో ఇచ్చిన కుంకం పొట్లం, సగం ఖాళీ అయిన బిళ్ళల అట్ట ఒకటి పడ్డాయి. ఇవేంటంటే, అవి మందులు కాదండి, మోకాళ్ళకండి అన్నాడు. ఆ మోకాళ్ళ బిళ్ళలే ఆయన కడుపుకి చిల్లు పెడుతున్నాయి. అవి మాన్పించి మంట తగ్గే మందిస్తే రెండు నెలల్లో మామూలు మనిషయ్యాడు. ఆయన వెళ్ళాక డాక్టరుగారు నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

"గులాబీ వస్తే మన పని సగం అయిపోయినట్టమ్మా. పసుపు వస్తే అప్పుడే మొదలు. నీ సీసా చూసే నేను సంచీ బోర్లిస్తున్నాను, గుర్తుంచుకో."

గుర్తుంచుకున్నాను. గుర్తుంచుకునే చేశాను చేసిందంతా.

మొదటిసారి పోలవరం వైపు ఒకావిడ కోసం చేశాను. బస్సు వెళ్ళిపోతుందమ్మా, ఇంటి దగ్గర పిల్లలు ఒక్కళ్ళే ఉన్నారు అని ఒకటే కంగారు. సీసా వేసి ఇరవై నిమిషాలే అయింది, ఇంకా పసుపుగానే ఉంది. ఎలాగూ తిరుగుతుంది కదా అని పాజిటివ్ అని రాసిచ్చేశాను. ఆవిడ మెట్లు దిగుతుండగానే సీసా గులాబీ అయింది. చూశావా, నేను చెప్పలేదూ అని నన్ను నేనే మెచ్చుకున్నాను. ఆ తర్వాత బస్సుల వాళ్ళందరికీ అరగంటకే రాయడం మొదలైంది. అరగంట కాస్తా పావుగంటైంది. తర్వాత బస్సు లేనివాళ్ళకి కూడా. రెండేళ్ళు గడిచేసరికి పొద్దున్నే వచ్చినవాళ్ళ పేర్లన్నీ రిజిస్టర్‌లో వరసగా రాసి, అదే ఊపులో పక్కన పాజిటివ్, పాజిటివ్, పాజిటివ్ అని కిందిదాకా ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు పెట్టేసేదాన్ని. అప్పటికి ఒక్కరి గొంతులోకీ గొట్టం దిగి ఉండేది కాదు. తర్వాత ఏదన్నా సీసా పసుపుగా కంటబడితే, పేషెంటు ఇంకా బెంచీ మీదే ఉంటే, కొట్టేసి దిద్దేదాన్ని. వెళ్ళిపోయి ఉంటే వదిలేసేదాన్ని. కొన్నాళ్ళకి చూడటమే మానేశాను. మర్నాడు పొద్దున్న సీసాలన్నీ ఒకేసారి కుళాయి కింద పెట్టి కడిగేయడమే. ఎవరూ పట్టుకోలేదు. పట్టుకోవడానికి ఏముంది, నూటికి తొంభైసార్లు నేను రాసిందే నిజమయ్యేదేమో. అదే నా కొంప ముంచింది.

ఇలా ఉండగా మా అత్తకి కడుపులో నొప్పి మొదలైంది. పొద్దున్నే లేవగానే పొట్ట పైభాగంలో కొరికినట్టుంటుందట, నాలుగు ముద్దలు తింటే సర్దుకుంటుందట. నెల్లాళ్ళు ఎవరికీ చెప్పలేదు. నేను శలవు మీద వెళ్ళినప్పుడు చూసి, బలవంతాన రాజమండ్రి రమ్మన్నాను. వచ్చే ఆవిడ వట్టి చేతుల్తో వస్తుందా? డాక్టరుగారికని బొమ్మిడాయిలు తెచ్చింది, తడిగుడ్డలో చుట్టి. ఆయన నవ్వుతూ తీసుకుని లోపలికి పంపించారు. ఎప్పట్నుంచి నొప్పి, ఆకలేస్తోందా, బరువు తగ్గారా అని వరసగా అడిగారు. నొప్పి బిళ్ళలు వాడుతున్నారా అని కూడా అడిగారు. అలాంటివేం లేవండి బాబూ, నేనెప్పుడూ మందు మింగిన మనిషిని కాదు అంది అత్త, కాస్త గర్వంగానే.

ఆ మాట అంటున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను, గ్లవ్స్ తొడుక్కుంటూ.

మా రేవులో చేపలమ్మే ఆడవాళ్ళందరూ పొద్దున్నే టీ బడ్డీ దగ్గర ఆగుతారు. టీతోపాటు ఒక తెల్ల బిళ్ళ మింగుతారు. గంప ఎత్తుకుంటే మెడా నడుమూ లాగేస్తాయి కనుక, ఎత్తుకునే ముందే మింగేయడం. దాన్ని గంప బిళ్ళ అనేవారు. కిరాణా కొట్టులో అమ్మేవారు, అత్త జాకెట్లో చిన్న కాగితం పొట్లంలో ఉండేది. చిన్నప్పుడు నేనే కొట్టుకెళ్ళి తెచ్చేదాన్ని, ఉప్పూ పంచదారా తెచ్చినట్టు. అత్త రోజూ మింగేది, నేను పుట్టకముందు నుంచీ మింగుతోందేమో. అది నొప్పి బిళ్ళే అని నాకు తెలియదా? తెలుసు. కోరుకొండ రైతు సంచీలోంచి పడ్డది అదే బిళ్ళ అని కూడా తెలుసు. కానీ డాక్టరుగారు అడిగినప్పుడు నా బుర్రకి అది తట్టనే లేదు. ఒట్టు. కాఫీ తిండి కాదన్నవాళ్ళని చూసి నవ్వుకున్న నాకు, గంప బిళ్ళ మందు కాదు. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందంటారు, అలా పడ్డాను.

అత్త తల పట్టుకున్నాను. జుట్టులో కొబ్బరినూనె వాసనా చేపల వాసనా కలిసి వచ్చింది. గొట్టం దిగుతుంటే నా మణికట్టు గట్టిగా పట్టుకుంది కానీ ఒక్క మూలుగు మూలగలేదు. చిన్నపేగు మొదట్లో పుండుంది. పెద్దదేం కాదు, మందులతో మానిపోతుంది అన్నారు డాక్టరుగారు. ముక్క తుంచారు. సీసాలో వేశాను. రిజిస్టర్‌లో మా అత్త పేరు పక్కన అప్పటికే ఉంది, పాజిటివ్ అని. పొద్దున్న అందరితోపాటు రాసేశాను. సొంత మనిషి కదా, దీనికైనా ఆగుదాం అనిపించలేదా అంటే అనిపించలేదు. చెయ్యి దాని పని అది చేసుకుపోయింది.

పదకొండు గంటల బస్సుకి వెళ్ళాలంది అత్త. చీటీ ఇచ్చేశాను. చీటీ చూసి డాక్టరుగారు పురుగు చావడానికి పద్నాలుగు రోజుల కోర్సు రాశారు, పూటకి నాలుగు రకాల బిళ్ళలు. అందులో ఒకదానివల్ల మలం నల్లగా వస్తుంది. అందరూ భయపడి పరిగెత్తుకొస్తారని ముందే చెప్పి పంపడం నా డ్యూటీ. అత్తకీ చెప్పాను, నల్లగా వస్తుంది, అది మందు వల్లే, కంగారు పడకు అని. నోరు చేదెక్కుతుందని కూడా చెప్పాను. నా నోరు ఎప్పుడు తీపిగా ఉందే అని నవ్వి బస్సెక్కింది.

మర్నాడు పొద్దున్న సీసాలు కడగబోతుంటే ఒకటి పసుపుగా ఉంది. సీసాల మీద అంటించిన చీటీల్లో నంబర్లుంటాయి. చూడకుండా కడిగేయాల్సిందాన్ని, ఎందుకో చూశాను. అత్తది.

కుళాయి కట్టేసి సీసా వెలుతురులో పెట్టి తిప్పి చూశాను. ముక్క అడుగునే ఉంది. నీళ్ళు ముందురోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అప్పుడు వెళ్ళి డాక్టరుగారికి ఒక్క మాట చెబితే చాలు. మా ఊరికి కబురంపేవారు, అత్త వచ్చేది, సంచీ బోర్లించమనేవారు, జాకెట్లోంచి పొట్లం బయటపడేది. కానీ పాజిటివ్ అని చీటీ ఎలా ఇచ్చావమ్మా అంటారు. నిన్న ఇచ్చినవన్నీ ఎలా ఇచ్చావంటారు. మొన్నవి? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, ఆయన మొహంలో నా మీద ఉన్న నమ్మకం పోతుందని ఇంకా భయపడ్డాను. అప్పుడు బుర్ర బాగా పనిచేసింది. అత్త అంతకుముందు ఊళ్ళో గ్యాస్ బిళ్ళలేవో వేసుకునే ఉంటుంది, వాటివల్ల రంగు రాకపోవచ్చు. ముక్క సరైన చోట పడి ఉండకపోవచ్చు. అయినా వాడేది మందే కదా, విషం కాదు కదా. ఇన్ని కారణాలు నిమిషంలో దొరికాయి. సీసా వంచేసి, కడిగి, మిగతావాటితోపాటు ఎండబెట్టాను. ఆ రోజు పేర్లు రాసుకున్నాను. పక్కన ఎప్పట్లాగే రాసుకుంటూ పోయాను.

పద్నాలుగు రోజులూ అత్త కోర్సు తప్పకుండా వాడింది. నొప్పి తగ్గిందని కబురొచ్చింది. కోర్సులో మంట తగ్గించే బిళ్ళ కూడా ఉంది కనుక తగ్గుతుంది. నేను ఊపిరి పీల్చుకున్నాను, ఆ సీసా సంగతి మర్చిపోయాను కూడా. కోర్సు అయిపోయాక వారానికి క్లినిక్‌కి ఫోనొచ్చింది. అత్త మా ఊరి ఎస్‌టీడీ బూత్ నుంచి చేసింది. లోపల టేబుల్ మీద పేషెంటు పడుకుని ఉన్నాడు, డాక్టరుగారు రమ్మని పిలుస్తున్నారు. రిసీవర్ చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుని మాట్లాడాను.

"ఏమే, మందులు అయిపోయి వారమైంది. ఇంకా నల్లగానే వెళ్తందే."

"ఒంట్లోంచి పోవడానికి టైం పడుతుంది అత్తా. కంగారు పడకు."

"కంగారేం లేదు. కళ్ళు తిరుగుతున్నాయి కాస్త."

"ఎండలో తిరిగితే తిరగవా? నాలుగు రోజులు ఆ గంప దింపు."

"దింపితే కూడెవరు పెడతారే, నువ్వా?" అని నవ్వింది. లోపల్నుంచి డాక్టరుగారు మళ్ళీ పిలిచారు. ఆదివారం వస్తానని చెప్పి పెట్టేశాను.

నల్లటి మలం, కళ్ళు తిరగడం. ఎవరో ముక్కూ మొహం తెలియనావిడ క్లినిక్‌కొచ్చి ఈ రెండు మాటలూ చెబితే, ఆవిణ్ణి అక్కడే కూర్చోబెట్టి డాక్టరుగారి గదిలోకి పరిగెత్తేదాన్ని. లోపల రక్తం పోతోందని ఆ రెండు మాటలకీ అర్థం. మందు నలుపు నాలుగైదు రోజులకంటే ఉండదు. అన్నీ తెలుసు నాకు.

సంగతి ఆదివారం దాకా రాలేదు. గురువారం నాడు మిట్టమధ్యాహ్నం పక్కూళ్ళో ఒక ఇంటి అరుగు మీద గంప దింపి, మంచినీళ్ళడిగిందట. చెంబు తెచ్చేలోపు రక్తం కక్కుకుంది. ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళు, ఆటో మాట్లాడి కాకినాడ తీసుకెళ్ళారు. దారిలోనే పోయింది. నేను వెళ్ళేసరికి మా ఇంటి ముందు చాప మీద పడుకోబెట్టి ఉంది. మొహం తెల్లగా ఉంది, అత్త అంత తెల్లగా ఎప్పుడూ లేదు. నాకు ఏడుపు రాలేదు. రేవులో ఆడవాళ్ళందరూ నన్ను పట్టుకుని ఏడ్చారు. డాక్టరు దగ్గర పనిచేసే మేనకోడలుండి కూడా దక్కలేదు, ఆయువు అంతే, నువ్వు మాత్రం ఏం చేయగలవే తల్లీ అన్నారు. అత్త నా గురించి ఊరంతా ఎంత గొప్పగా చెప్పుకునేదో కూడా చెప్పారు. నేను తలూపుతూ కూర్చున్నాను. దినకార్యాలకి ముందు బట్టలు సర్దుతుంటే మూడు జాకెట్లలో మూడు పొట్లాలు దొరికాయి. కోర్సు వాడుతూ కూడా గంప బిళ్ళ మానలేదు. మానమని ఎవరు చెప్పారు కనుక.

డ్యూటీకి తిరిగొచ్చాక డాక్టరుగారు నన్ను కూర్చోబెట్టి ఓదార్చారు. కొన్ని బాక్టీరియాలు మొండివమ్మా, మన మందుకి లొంగవు, నీ తప్పేం లేదు అన్నారు. అవునండి అన్నాను. పనిలో పడ్డాను. తలలు పట్టుకున్నాను, ముక్కలు వేశాను. ఆ రోజు నుంచి మాత్రం ప్రతి సీసా దగ్గరా గంటసేపు కూర్చుని రంగు చూసి రాశాను. చేతులు కాలాక పట్టుకున్న ఆకులు. బస్సు పోతుందని జనం తిట్టారు, తిట్టనిచ్చాను. అన్నం తినేదాన్ని, నిద్రపోయేదాన్ని, సినిమాకి రమ్మంటే వెళ్ళేదాన్ని. తిమ్మిరి మందు కొట్టాక పేషెంట్లు గొంతు ఉందో లేదో తెలియట్లేదండీ అంటారు. నా ఒళ్ళంతా అలాగే ఉండేది.

ఆరేడు నెలలు గడిచాక డాక్టరుగారికి ఏదో డాక్టర్ల మీటింగులో మాట్లాడే అవకాశం వచ్చింది. మన దగ్గరికొచ్చే కడుపునొప్పి వాళ్ళలో ఈ బాక్టీరియా ఎంతమందికి ఉందో చెబుతానన్నారు. అలాంటి లెక్క ఈ వైపు ఎవరూ తీయలేదట. మూడేళ్ళ రిజిస్టర్లు నా ముందు పెట్టి, పాజిటివ్‌లన్నీ విడిగా లెక్కపెట్టమన్నారు. మధ్యాహ్నాలు అన్నం తిన్నాక కూర్చుని, నాలుగు గీతలు గీసి ఐదోది అడ్డంగా కొడుతూ లెక్కపెట్టాను. అత్త పేరు వచ్చిన రోజున దానికీ ఒక గీత గీశాను. చెయ్యి ఆగలేదు.

లెక్క చూసి ఆయన సంతోషపడ్డారు. తననుకున్నదానికంటే ఎక్కువే ఉందన్నారు. అక్కడొకటి ఇక్కడొకటి సరిచూస్తూ పేజీలు తిప్పుతుంటే అత్త పేరున్న పేజీ వచ్చింది.

"ఈ పేరు లెక్కలోంచి తీసెయ్యమ్మా, నీకు బాధగా ఉంటే. ఒక్కటి తగ్గితే ఏం కాదు" అన్నారు.

ఆయన తిట్టినా తట్టుకునేదాన్ని. ఆ మాట తట్టుకోలేకపోయాను.

"అది పాజిటివ్ కాదండి" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. చెప్పాను. పొద్దున్నే రాసేయడం, మర్నాడు చూసిన సీసా, కుళాయి, గంప బిళ్ళ, ఫోను, అన్నీ చెప్పాను. పరగడుపున రావాలండీ అని పేషెంట్లకి చెప్పే గొంతుతోనే చెప్పాను. చెబుతుంటే నామీద నాకు అసహ్యం వేసింది, అయినా గొంతు మారలేదు. ఆయన అత్త పేరు మీద వేలు పెట్టి అలాగే కూర్చున్నారు. కోప్పడతారని చూశాను. కోప్పడలేదు.

"ఇంకెన్ని?" అన్నారు.

"తెలీదండి."

"సుమారుగా చెప్పు."

"తెలీదండి. నేను చూడలేదు."

పోస్టు కార్డులు రాద్దామండి, రిజిస్టర్‌లో ఊళ్ళున్నాయి, అందరినీ పిలిపించి మళ్ళీ పరీక్ష చేద్దాం, డబ్బు తీసుకోకుండా చేద్దాం, రాత్రింబవళ్ళు కూర్చుని నేనే రాస్తాను అన్నాను. గబగబా అన్నాను. అత్త పోయినప్పటి నుంచీ నేను గబగబా మాట్లాడింది అదే మొదటిసారి. ఆయన తల అడ్డంగా ఊపారు.

"వాళ్ళందరూ కోర్సు వాడేశారమ్మా. ఇప్పుడు ఎవరిని చూసినా పసుపే వస్తుంది. మొదట్లో ఎవరిది పసుపో మనకిక తెలియదు."

లెక్క రాసిన కాగితం మడిచి సొరుగులో పెట్టేశారు. బయట బెంచీ మీద పేషెంట్లు ఎదురుచూస్తున్నారు, ఎవరో దగ్గుతున్నారు. కార్డులు మాత్రం రాయి, నొప్పి బిళ్ళలు మింగుతుంటే మానేసి రమ్మని రాయి అన్నారు లేస్తూ. నేను రిజిస్టర్ నా వైపు తిప్పుకున్నాను. ఆ పేజీలో అత్తకి పైన పదకొండు మంది ఉన్నారు, కింద తొమ్మిది మంది. అన్ని పేర్ల పక్కనా నా రాతలో ఒకటే మాట. వాళ్ళలో ఎవరు బతికున్నారో నాకు తెలియదు.